7 లక్షల్లో పాత టర్బో హ్యాచ్‌బ్యాక్: గుంటూరు–బెజవాడ రోజువారీ తిరుగుడికి ఏది తట్టుకుంటుంది?

నల్లపాడు కుర్రాడు

అందరికీ నమస్కారం. ఉండేది గుంటూరు, ఉద్యోగం బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర. రానుపోను 75 కిలోమీటర్లు. ఇన్నాళ్లూ నాన్నగారి వ్యాగన్‌ఆర్‌లో తిరిగాను. ఇప్పుడు నాకంటూ ఒక బండి కొనుక్కోవాలి, అది తొక్కితే ముందుకు దూకేదిగా ఉండాలి. ఎస్‌యూవీల మీద మనసు లేదు. చిన్న బండి, గట్టి టర్బో ఇంజిన్ (గాలిని ఒత్తి నింపి బలం పెంచేది), చేతిలో బరువుగా ఉండే స్టీరింగ్... చిన్నప్పటి నుంచి అదే పిచ్చి.

బడ్జెట్ 7 లక్షలు. చూసినవి ఇవీ: హైదరాబాద్‌లో 2016 పోలో జీటీ టీఎస్ఐ, 5.4 లక్షలు అంటున్నారు. ఇక్కడే బెజవాడలో 2018 బాలెనో ఆర్ఎస్, 5.6 లక్షలు. బెంగళూరులో 2016 అబార్త్ పుంటో, 6 లక్షలు. హైదరాబాద్‌లోనే 2020 పోలో 1.0 టీఎస్ఐ మాన్యువల్, 6.8 లక్షలు. ఐ20 ఎన్ లైన్ 2021లో వచ్చింది కాబట్టి ఇంకా నా బడ్జెట్‌లోకి దిగలేదు.

కొనే ధర సంగతి తెలుస్తోంది. కొన్నాక నెలనెలా ఎంత పోతుందో అంచనా అందడం లేదు. ఇంట్లో ఆవిడ అడిగే మొదటి ప్రశ్న కూడా అదే. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట బాబాయ్

అబ్బాయ్, మంచి ప్రశ్న వేశావు. లెక్క వేద్దాం. నెలకు 22 రోజులు ఆఫీసు, మీద ఆదివారాలు, పెళ్లిళ్లు, పేరంటాలు కలిపి 1,800 కిలోమీటర్లు అనుకో. మన దగ్గర పెట్రోలు లీటరు 110 రూపాయలకు అటూఇటూ.

లీటరుకు 12 ఇచ్చే బండికి నెలకు 16,500. 14 ఇస్తే 14,100. 17 ఇస్తే 11,600 చిల్లర. అంటే 12కీ 17కీ మధ్య నెలకు దాదాపు 5 వేలు, ఏడాదికి 58 వేలు తేడా. కంపెనీ కాగితం మీద పోలో జీటీ టీఎస్ఐకి 17.2, బాలెనో ఆర్ఎస్‌కి 21.1 అని ఉంటుంది. ఆ అంకెలు నమ్మి బడ్జెట్ వేయకు. హైవే మీద 90లో పోతే ఒక లెక్క, వారధి దిగి బెంజ్ సర్కిల్ దాకా పాకితే ఇంకో లెక్క. నీ దారిలో రెండూ ఉన్నాయి.

కాజ టోల్ మర్చిపోవద్దు. 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ వార్షిక పాస్ వచ్చింది, మొదట్లో రూ. 3,000కి 200 సార్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. రోజూ పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి దాటితే అది నాలుగున్నర నెలల్లో అయిపోతుంది. ఏడాది మొత్తానికి చూస్తే నెలకు 650–700 పడుతుంది. పాస్ లేకుండా కట్టేదాని కంటే చాలా నయం.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఇంజిన్ సైజును బట్టి ఉంటుంది. 1000 సీసీ లోపు రూ. 2,094. 1000 నుంచి 1500 వరకు రూ. 3,416. 1500 దాటితే రూ. 7,897. వీటి మీద జీఎస్టీ అదనం. నువ్వు చెప్పినవాటిలో బాలెనో ఆర్ఎస్ 998 సీసీ, పోలో 1.0 టీఎస్ఐ 999 సీసీ, రెండూ కింది మెట్టులోనే. పాత జీటీ టీఎస్ఐ 1197, అబార్త్ 1368, కాబట్టి మధ్య మెట్టు. ఇది చిన్న మొత్తమే, కానీ ఏటా కట్టేది.

టైర్లు: ఈ బండ్లలో ఎక్కువ వాటికి 195/55 ఆర్16. ఒక్కోటి ఏడెనిమిది వేలు. నీ తిరుగుడుకి రెండేళ్లలో ఒక సెట్టు అరిగిపోతుంది. అంటే నెలకు 1,300 టైర్లకే పక్కన పెట్టు.

ఆటోనగర్ స్పానర్

బాబాయ్ గారు డబ్బు లెక్క బాగా చెప్పారు. నేను షెడ్డు వైపు నుంచి చెప్తా.

తమ్ముడూ, పాత జీటీ టీఎస్ఐలో ఇంజిన్ గురించి భయం లేదు. 105 పీఎస్ పవర్, 175 ఎన్ఎం టార్క్ (లాగే బలం), ముచ్చటైన ఇంజిన్. ఆలోచించాల్సింది గేర్‌బాక్స్ గురించి. దాంట్లో ఉండేది డీక్యూ200 అనే 7 గేర్ల డీఎస్‌జీ, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్. రెండు క్లచ్‌లు ఉంటాయి, రెండూ పొడివి. ఆయిల్‌లో మునిగి ఉండవు, గాలితోనే చల్లబడాలి. ట్రాఫిక్‌లో బ్రేకు మీద కాలు సగం సగం వదులుతూ పాకించినప్పుడల్లా క్లచ్ జారుతూ వేడెక్కుతుంది. మే నెలలో బందరు రోడ్డు మీద సాయంత్రం ఆరింటికి పరిస్థితి ఎలా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

రెండోది మెకాట్రానిక్. గేర్లు మార్చే హైడ్రాలిక్ పంపు, వాల్వులు, కంప్యూటరు అన్నీ ఒకే పెట్టెలో పెట్టారు. అది పోతే మార్చడానికి లక్ష దాటుతుంది. ఈ గేర్‌బాక్స్ బాధ మన ఒక్కరిదే కాదు, 2013లో చైనాలో డీఎస్‌జీ లోపం మీద ఫోక్స్‌వ్యాగన్ 3.8 లక్షలకు పైగా బండ్లను వెనక్కి పిలిచింది.

5.4 లక్షల బండికి లక్షన్నర పక్కన పెట్టుకోగలిగితే కొను. 7 లక్షలూ బండికే పోస్తే మాత్రం వద్దు.

బందరు రోడ్డు బాటసారి

స్పానర్ అన్నా, మీరు చెప్పింది తప్పని అనను. కానీ కొత్తవాళ్లు చదివి డీఎస్‌జీ అంటే బాంబు అనుకుంటారు. నా దగ్గర 2015 జీటీ టీఎస్ఐ ఉంది, రోజూ ఊళ్లోనే తిప్పుతున్నాను. గేర్‌బాక్స్ ఇప్పటికీ శుభ్రంగా ఉంది.

నేను పాటించేది ఒక్కటే, బండిని పాకనివ్వను. ముందున్న బండికీ నాకూ మధ్య కాస్త ఖాళీ వదిలి, ఒకేసారి కదిలి, పూర్తిగా ఆగుతాను. సిగ్నల్ పొడుగైతే న్యూట్రల్. వెనకాల వాడు హారన్ కొడతాడు, కొట్టనీ. ఫ్లైఓవర్ల మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టను, బ్రేకే వేస్తాను.

ఆ బండి కాజ దాటాక మూడో గేరులో లాగే లాగుడు ఉంది చూడండి, పదేళ్లైనా నాకు మొహం మొత్తలేదు. ఇంట్లోవాళ్లు అమ్మేయమంటే నా వల్ల కాలేదు.

నల్లపాడు తమ్ముడూ, ఒకటి మాత్రం తప్పకుండా చూసుకో. ఆ బండికి ఎవరైనా రీమ్యాప్ చేయించారేమో కనుక్కో. డీక్యూ200 డిజైన్ చేసింది 250 ఎన్ఎం టార్క్ వరకే. 175 ఉన్న ఇంజిన్‌ను సాఫ్ట్‌వేర్‌తో పైకి లేపి ఏళ్ల తరబడి లాగించి, చివర్లో కంపెనీ ఇచ్చిన స్టాక్ ఫైల్ మళ్లీ పెట్టేసి అమ్మేవాళ్లు ఉన్నారు. బయటికి ఏమీ తెలియదు, క్లచ్ మాత్రం అరిగి ఉంటుంది.

టీజెట్ ప్రేమికుడు

అబార్త్ గురించి ఎవరూ మాట్లాడలేదు, కాబట్టి నేనే చెప్తా.

2015 అక్టోబరులో వచ్చింది, 9.95 లక్షలకి. 1.4 లీటర్ల టీ-జెట్ ఇంజిన్, 145 పీఎస్, 212 ఎన్ఎం, నాలుగు చక్రాలకూ డిస్కులు. నీ లిస్టులో మిగతావి వేగంగా పోయే మామూలు బండ్లు, ఇది నిజమైన హాట్ హ్యాచ్. స్టీరింగ్ హైడ్రాలిక్. రోడ్డు మీద చిన్న రాయి తగిలినా చేతికి తెలుస్తుంది. పెట్రోలు పోర్టులోకి చిమ్మే పాత పద్ధతి ఇంజిన్ కాబట్టి వాల్వుల మీద మసి పేరుకునే బాధ లేదు. డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న పోలో టీఎస్ఐలకూ, బాలెనో ఆర్ఎస్‌కీ ఆ బాధ ఉంటుంది.

ఇబ్బంది ఎక్కడంటే, ఫియట్ 2019లో మన దేశంలో కార్ల తయారీ ఆపేసింది. సర్వీసు ఇప్పుడు జీప్ వర్క్‌షాపుల్లో. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు లాంటివి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. బంపరో, హెడ్‌లైటో విరిగితే దేశం నలుమూలలా ఫోన్లు చేయాలి. నేను ముందు జాగ్రత్తగా ఒక హెడ్‌లైటు, సస్పెన్షన్ ఆర్మ్‌లు, ఒక సెట్టు బుష్‌లు కొని ఇంట్లో పెట్టుకున్నాను. ఈ బండికి యజమాని అంటే సగం స్టోర్‌కీపర్ కూడా.

ఊళ్లో మైలేజీ 10–11, హైవేలో 13–14. అయినా అమ్మను.

ఆటోనగర్ స్పానర్

టీజెట్ అన్న మనసు పెట్టి చెప్పాడు, ఆ బండి మీద నాకూ గౌరవమే. కానీ తమ్ముడు రోజూ ఉద్యోగానికి పోవాలి. పార్టు కోసం బండి మూడు వారాలు షెడ్డులో నిలబడితే ఆయన బస్సెక్కాలి. అబార్త్ రెండో బండిగా ఉండాల్సింది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బండి అది కాకూడదు.

నల్లపాడు కుర్రాడు

అన్నలకు ధన్యవాదాలు. అబార్త్ మీద ఆశ చంపుకోవడం కష్టంగానే ఉంది, కానీ స్పానర్ అన్న మాట నిజం. వ్యాగన్‌ఆర్ నాన్నగారికే కావాలి.

ఒక స్నేహితుడు డీజిల్ పోలో, జీటీ టీడీఐ చూడమంటున్నాడు. 250 ఎన్ఎం ఉంది, మైలేజీ ఎక్కువ అని. దాని సంగతేమిటి?

బ్రాడీపేట బాబాయ్

మంచి బండే. డీజిల్ 97 చొప్పున, లీటరుకు 19 ఇచ్చిందనుకుంటే నెలకు 9,200. పెట్రోలు బండి మీద నీకు నెలకు 3–5 వేలు మిగులుతాయి. కానీ చూసి ఎంచుకో. మొదట్లో వచ్చిన టీడీఐ 1.6 లీటర్లది, 1598 సీసీ. అంటే థర్డ్ పార్టీ ప్రీమియం పై మెట్టు, రూ. 7,897. తర్వాత వచ్చిన 1.5 టీడీఐ 1498 సీసీ, దానికి రూ. 3,416. పేరు ఒకటే, బండి బయటికి ఒకేలా ఉంటుంది, కాగితంలో సీసీ చూస్తేనే తెలుస్తుంది.

పదేళ్ల డీజిల్ నిషేధం ఢిల్లీ ప్రాంతం గొడవ. మన రాష్ట్రంలో 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ మామూలుగానే నడుస్తుంది.

ఆటోనగర్ స్పానర్

డీజిల్ అయితే టర్బో, ఇంజెక్టర్లు, టైమింగ్ బెల్టు, ఇంజిన్ కుదుపులు తగ్గించే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ చూడాలి. ఇలాంటి వయసు టీడీఐలు చాలావరకు లక్ష కిలోమీటర్లు దాటినవే. మీటరు మీద 60 వేలు కనిపిస్తే సంతోషపడకు, అనుమానపడు.

పటమట టీచర్

నేను బాలెనో ఆర్ఎస్ నడుపుతాను, కొన్నప్పటి నుంచీ నాదే. 102 పీఎస్, 150 ఎన్ఎం, అంకెలు చిన్నవే. కానీ బండి తేలిక, 5 గేర్ల మాన్యువల్, వెనక చక్రాలకూ డిస్కులు. మా వారు ఎక్కినప్పుడల్లా కాస్త నెమ్మదిగా పొమ్మంటారు. ఊళ్లో 13, హైవేలో 17–18 ఇస్తుంది. సర్వీసు ఖర్చు మామూలు మారుతీ బండి కంటే పెద్ద ఎక్కువేం కాదు. ఇంజిన్, టర్బో సంబంధించినవి మాత్రం వేరే, మామూలు బాలెనోవి పట్టవు, ఆర్డర్ పెట్టించుకోవాలి.

తమ్ముడూ, ఆర్ఎస్ కొంటుంటే ఒకటి తప్పక అడుగు. 2023 ఏప్రిల్‌లో 7,213 బాలెనో ఆర్ఎస్‌లకు మారుతీ రీకాల్ ప్రకటించింది, బ్రేకుకు సాయం చేసే వ్యాక్యూమ్ పంపులో లోపం ఉండొచ్చని. అది చెడిపోతే బ్రేకు పెడల్ గట్టిగా నొక్కాల్సి వస్తుంది. 2016 అక్టోబరు నుంచి 2019 నవంబరు 1 దాకా తయారైనవి, అంటే దాదాపు అన్ని ఆర్ఎస్‌లూ. ఛాసిస్ నంబరుతో షోరూములో కనుక్కుంటే మార్చారో లేదో చెప్తారు. ఉచితమే.

ఇంకో మాట. ఆ 5.6 లక్షల బండి ఊళ్లో ఏ ప్రాంతం నుంచి వచ్చిందో అడిగావా?

సింగ్‌నగర్ వాసి

టీచర్ గారు అడిగిన ప్రశ్న దగ్గరే నేనూ ఆగాను, అందుకే ఇప్పుడు రాస్తున్నా.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి మా ప్రాంతం మునిగినప్పుడు వీధుల్లో కార్లు రోజుల తరబడి నీళ్లలో నిలబడ్డాయి. అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక, ఎటు చూసినా అదే. తర్వాత వాటిలో చాలా బండ్లు ఎక్కడికి పోయాయి? కొన్ని ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ (బాగుచేయించడం దండగ) అని రాశారు, వేలంలో వెళ్లాయి. కొన్ని కడిగి, సీట్లు మార్చి, పాలిష్ పెట్టి మళ్లీ మార్కెట్‌లోకి వచ్చాయి. కొన్నవాళ్ల తప్పేమీ లేదు, చూడటం తెలియకపోతే ఎవరైనా పడిపోతారు.

చూడాల్సినవి చెప్తా. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. పైన శుభ్రంగా ఉన్నా, లోపల చుట్టుకునే భాగంలో బురద గీత ఉండిపోతుంది. ముందు సీట్ల కింద పట్టాలు, బోల్టులు చూడండి. కొత్త బండికి కూడా అక్కడ కాస్త తుప్పు ఉండొచ్చు కానీ, అన్నింటికీ ఒకే ఎత్తులో తుప్పు ఉంటే అది నీటి మట్టం. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో వేలు పెట్టి చూడండి, సన్నటి ఒండ్రు వస్తుంది. డాష్‌బోర్డు కింద వైరింగ్ కనెక్టర్లు పచ్చగా మారి ఉంటే వెంటనే లేచి వచ్చేయండి. కార్పెట్ మూల ఎత్తి వాసన చూడండి. కారులో అత్తరు ఘాటుగా కొడుతుంటే ఎందుకు కొట్టారో ఆలోచించండి.

టర్బో బండికి ఇది మామూలు బండి కంటే ఎక్కువ ప్రమాదం. సెన్సర్లు, యాక్చుయేటర్లు ఎక్కువ. ఈరోజు నడుస్తుంది, ఆరు నెలలకు ఒక్కొక్కటే ఆరిపోతుంది, మెకానిక్‌కు కూడా దొరకదు.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర అడగండి. 2024 సెప్టెంబరు–అక్టోబరులో క్లెయిమ్ ఉందా అన్నది ఒక్కటే చాలు.

ఆర్టీవో కాగితాలు

హైదరాబాద్ బండ్ల గురించి అందరూ ధర ఒక్కటే చూస్తున్నారు. అవి తెలంగాణ (టీఎస్) నంబరు బండ్లు. ఇక్కడ స్థిరంగా తిప్పాలంటే అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టి మన నంబరు వేయించుకోవాలి. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే తిరిగి రిజిస్టర్ చేయించాల్సిందేనని చట్టం చెప్తుంది. ట్యాక్స్ బండి అసలు ధర, వయసు బట్టి లెక్కిస్తారు కాబట్టి ఆర్టీవోలో ముందే అంకె కనుక్కుని, ఆ మొత్తాన్ని ధరలో కలిపి బేరం ఆడండి. పక్క రాష్ట్రంలో చవక అనుకున్న బండి ఇక్కడికి వచ్చేసరికి స్థానిక బండి ధరకే చేరుతుంది.

లోను మీద కొన్న బండి అయితే ఫారం 35 (లోను తీరిందన్న ఫారం), బ్యాంకు ఎన్‌ఓసీ లేకుండా అడ్వాన్సు ఇవ్వకండి. యాజమాన్యం మార్పిడికి ఫారం 29, 30. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి హైపోథికేషన్ (లోను తాకట్టు), ఇన్సూరెన్స్ గడువు చూడండి, పెండింగ్ చలానాలు ఈ-చలాన్ సైటులో చూడండి. ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చమని కొన్న 14 రోజుల్లో అర్జీ పెట్టుకోవాలి. అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, అది మనిషిది, బండిది కాదు. అందుకే ప్రీమియం మీరు అనుకున్నదాని కంటే ఎక్కువ వస్తుంది.

నల్లపాడు కుర్రాడు

నిన్న బాలెనో ఆర్ఎస్ చూసి వచ్చాను. బయటికి అద్దంలా ఉంది. సింగ్‌నగర్ అన్న చెప్పినట్టు డ్రైవరు సీటు బెల్టు చివరిదాకా లాగాను. మడతలో గోధుమ రంగు గీత. వెనక బెల్టులకూ అదే ఎత్తులో. స్టెప్నీ గుంట మాత్రం శుభ్రంగా కడిగేశారు. క్లెయిమ్ చరిత్ర చూపించమంటే అమ్మే ఆయన మాట మార్చారు. దండం పెట్టి వచ్చేశాను. అన్నా, మీకు ఎంత చెప్పినా తక్కువే.

ఇక మిగిలింది 2020 పోలో 1.0 టీఎస్ఐ మాన్యువల్. ఏ వేరియంట్ అని అడిగితే హైలైన్ ప్లస్ అన్నారు. నాకు జీటీ బ్యాడ్జ్ మీద కొంచెం మోజు ఉండేది. ఇంకొక సందేహం, ఇప్పుడు బంకుల్లో ఉన్నది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) కదా, 2020 బండికి పర్వాలేదా?

బందరు రోడ్డు బాటసారి

బ్యాడ్జ్ సంగతి వదిలెయ్ తమ్ముడూ. బీఎస్6లో (2020 నుంచి వచ్చిన కాలుష్య నిబంధనల బండ్లలో) జీటీ అంటే ఆటోమేటిక్ మాత్రమే, మాన్యువల్ కావాలంటే హైలైన్ ప్లస్సే. ఇంజిన్ అదే, 110 పీఎస్, 175 ఎన్ఎం, 6 గేర్లు. ఒక సిలిండరు తక్కువ, పాత నాలుగు సిలిండర్ల మెత్తదనం ఉండదు, కానీ 2000 ఆర్‌పీఎం దాటాక నవ్వు ఆగదు. డీఎస్‌జీ భయమే లేదు. 2014లో క్రాష్ టెస్టులు చేసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పోలోకి రెండు ఎయిర్‌బ్యాగులతో 4 స్టార్లు ఇచ్చింది, ఇంట్లో వాళ్లకు ఆ మాట చెప్పు. పోలో అమ్మకాలు 2022లో ఆగిపోయినా ఫోక్స్‌వ్యాగన్ ఇక్కడే ఉంది, ఇదే 1.0 టీఎస్ఐ కుటుంబం టైగన్, వర్టస్‌లలో నడుస్తోంది. ఫియట్ లాంటి పరిస్థితి కాదు.

ఆటోనగర్ స్పానర్

ఈ20 గురించి: 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లే దానికి తగ్గ పైపులు, సీళ్లతో వస్తున్నాయి. అంతకు ముందువి నడుస్తాయి, ఆగిపోవు. మైలేజీ కొంచెం తగ్గుతుంది, పాత బండ్లకు 3 నుంచి 6 శాతం అని ప్రభుత్వమే చెప్పింది. బాబాయ్ గారి లెక్కలో ఆ మేరకు కలుపుకో. ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది కాబట్టి బండిని నెలల తరబడి నింపిన ట్యాంకుతో వదిలేయకూడదు. నువ్వు రోజూ తిప్పుతావు, నీకు ఆ బాధ లేదు. ఏడాదికోసారి ఇంధన పైపులు, ఇంజిన్ మీద రబ్బరు ఓ-రింగులు చూపించుకో.

ఆ పోలోకి చేయించాల్సినవి: కోల్డ్ స్టార్ట్ (రాత్రంతా ఆగిన బండిని పొద్దున మొదటిసారి స్టార్ట్ చేయడం) చూడు, పొగ నీలంగా రాకూడదు. టర్బోకి వెళ్లే గాలి పైపులో ఆయిల్ తడి ఎంత ఉందో చూడు. స్కానర్ పెట్టిస్తే ఇంజిన్ కంప్యూటరు దాచుకున్న కిలోమీటర్లు, మీటరు మీదివి సరిపోతాయో తెలుస్తుంది. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2020 బండికి ఇప్పటికీ 2020 టైర్లే ఉంటే మార్చాల్సిందే, ఆ 30 వేలు ధరలోంచి తగ్గించమను.

బ్రాడీపేట బాబాయ్

చివరి లెక్క. 1,800 కిలోమీటర్లకు, లీటరుకు 15 అనుకుంటే పెట్రోలు 13,200. టోల్ 700. టైర్లు 1,300. నీ తిరుగుడుకి ఏడాదికి ఒకటిన్నర సర్వీసు పడుతుంది, ఇన్సూరెన్సు కూడా కలిపి నెలకు 3,500 పక్కన పెట్టు. మొత్తం 18,700. మీ ఆవిడకు ఈ అంకె ముందే చెప్పు. 6.8 లక్షలకు లైఫ్ ట్యాక్స్, టైర్లు కలిపితే నీ 7 దాటిపోతుంది, కాబట్టి 6.2 దగ్గర బేరం మొదలుపెట్టు.

నల్లపాడు కుర్రాడు

ఆవిడకు లెక్క చూపించాను. పెట్రోలు 13 వేలు చూసి కాసేపు మాట్లాడలేదు కానీ, బ్రేకులు, ఎయిర్‌బ్యాగుల గురించి అడిగి సరే అంది. అమ్మే ఆయనకు ఫోన్ చేశాను, రాత్రి బండి స్టార్ట్ చేయకుండా ఉంచితే ఆదివారం పొద్దున్నే వస్తానన్నాను. 6.35కి దిగారు, టైర్లు 2020వే అని ఆయనే ఒప్పుకున్నారు. స్పానర్ అన్నా, మీకు వీలైతే నాతో హైదరాబాద్ వస్తారా? మీ రోజు కూలీ, దారి ఖర్చులు నావి.

ఆటోనగర్ స్పానర్

శనివారం సాయంత్రం షెడ్డు కట్టేశాక బయల్దేరదాం. స్కానర్ నేను తెస్తా. నువ్వు బండి ఆర్సీ ఫోటో, ఛాసిస్ నంబరు ఈ రాత్రికే పంపు, సర్వీసు చరిత్ర ముందే తీయిస్తా. అందులో తేడా కనిపిస్తే అసలు వెళ్లొద్దు.